మైదానంలో అంకుల్ అనొద్దు

నా వీడ్కోలు విందులో ఒక జ్ఞాపిక ఇచ్చారు. గాజుది, చేతికి బరువుగా తగులుతుంది. దానిమీద ఇంగ్లీషులో "ఎప్పుడూ తన కుర్రాళ్ళ పక్కన నిలబడ్డ మనిషి" అని చెక్కించారు. మా ఆవిడ సునీత దాన్ని వంటింటి కిటికీలో, కొత్తిమీర కుండీ గాలికి దొర్లిపోకుండా అడ్డం పెట్టింది. ఆ వస్తువు నిజాయితీగా చేస్తున్న పని అదొక్కటే. చెక్కిన మాట అబద్ధం. అది ఎందుకు అబద్ధమో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దారిలో వృత్తి గురించి కూడా కాస్త చెబుతాను.

నేను న్యూకాసిల్‌లో ఒక యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్సివ్ లైన్ కోచ్‌గా మొదలుపెట్టి 2019లో విరమించుకున్నాను. తెనాలివాడు ఇలాంటి వాక్యం రాస్తాడని తెనాలిలో ఎవరూ అనుకోలేదు, నాతో సహా. ఈమధ్య ఇక్కడికి చదువుకోవడానికి వస్తున్న మన పిల్లలు ఒకరిద్దరు ఈ ఆటలో చేరుతున్నారు. కోచింగ్ ఎలా ఉంటుంది అంకుల్ అని అడుగుతున్నారు. వాళ్ళకోసం ఇది. గెలిచిన కప్పుల గురించి రాయను. అది వినయం కాదు, కప్పులు లేవు.

పని ఏమిటంటే

అమెరికన్ ఫుట్‌బాల్‌ని కాలితో ఆడరు. ఈ ఒక్క ముక్క నేను ఇంగ్లండులో ఇంగ్లీషువాళ్ళకీ, తెనాలిలో మావాళ్ళకీ చెప్పినన్నిసార్లు ఇంకేదీ చెప్పలేదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. బంతి అందుకుని విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతనికి అడ్డంగా ఐదుగురు భారీ మనుషులు నిలబడతారు. వాళ్ళకెదురుగా ఒక చెయ్యి గడ్డిమీద ఆన్చి వంగి ఉండే నలుగురు నావాళ్ళు. ఆ ఐదుగురినీ తోసుకుని వెళ్ళి క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడెయ్యాలి. డిఫెన్సివ్ లైన్ అంటే ఇంతే. మిగతాదంతా కోచ్‌లు తమ గౌరవం కోసం కల్పించుకున్న పదజాలం.

అమెరికాలో ఈ పని చేసేవాళ్ళకి పెద్ద పెద్ద జీతాలని చెబుతారు. నాకు ఒక ఈల ఇచ్చారు. పగలు ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. సాయంత్రం హాకీ అమ్మాయిలు గ్రౌండు ఖాళీ చేశాక మా జట్టుకి వంతు వచ్చేది. నేను దాన్ని వృత్తి అనేవాణ్ణి. సునీత వేరే పేరు పెట్టింది.

"మా ఆస్పత్రి వార్డులో అడుగుతున్నారు, మీ ఆయన సాయంత్రాలు ఏం చేస్తాడని. ఏం చెప్పమంటారు? అబ్బాయిల్ని బురదలో తోస్తాడని చెప్పనా?"

"కోచ్ అని చెప్పు."

"చెప్పాను. కోచ్ బస్సు అనుకున్నారు."

నన్ను ఎన్నుకున్న విధానం

2008లో, ముప్ఫై దాటాక, నర్సు ఉద్యోగం చేస్తున్న భార్య వెనకాల వచ్చిన భర్తగా ఇక్కడ ఎంఎస్సీలో చేరాను. మొదటివారం క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కొత్త విద్యార్థుల్ని పిలుస్తుంటాయి. నేను ఉచితంగా పెన్నులు ఎక్కడిస్తున్నారో చూసుకుంటూ వెళుతుంటే ఒకతను నా దారికి అడ్డం వచ్చి, తలనుంచి కాళ్ళదాకా చూసి, "బ్యూటిఫుల్" అన్నాడు. నా శరీరాన్ని చూసి ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు. తెనాలిలో బట్టలకొట్టువాడు కూడా నన్ను చూసి లోపలికెళ్ళి వాళ్ళ నాన్నని పిలుచుకొచ్చేవాడు.

ఒక్క సీజన్ ఆడాను. మోకాలు పోయింది. ఆడలేనివాణ్ణి కోచ్‌ని చేయడం ఈ దేశంలో ఆచారం.

నేను ఈ ఆటకి తెచ్చిన విద్య ఒక్కటే. గొంతుక్కూచోవడం. మన దేశంలో బస్సు రాకపోతే ఎవరైనా అలా కూచుంటారు, మడమలు నేలకి ఆన్చి, మోకాళ్ళు చంకల్లో పెట్టుకుని. ఇంగ్లీషు కుర్రాళ్ళకి అది రాదు, వెనక్కి పడిపోతారు. లైన్‌లో ఆడేవాడికి నడుము కిందకి దిగితేనే బలం. అందుకని రోజూ కాసేపు అందరినీ అలా కూచోబెట్టి కబుర్లు చెప్పించేవాణ్ణి. యూనివర్సిటీ పత్రికవాళ్ళు వచ్చి చూసి, ప్రాచీన భారతీయ యోగవిద్యతో శిక్షణ అని రాశారు. నేను ఖండించలేదు. నేను ఖండించని వాటిలో అది మొదటిది, చిన్నది.

గ్రాహం

నన్ను చూసి బ్యూటిఫుల్ అన్నవాడే మా హెడ్ కోచ్ గ్రాహం. ఇళ్ళలో బాయిలర్లు బిగించే పని. పక్కా న్యూకాసిల్ మనిషి. కుర్రతనంలో కొన్నాళ్ళు టెక్సస్‌లో ఉన్నాడట. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకోగానే యాస మారిపోయేది. ఆ హెడ్‌సెట్ దేనికీ తగిలించి ఉండేది కాదు. తీగ చివర జేబులో ఉండేది. ఒకసారి అడిగాను.

"అవతల ఎవరున్నారు గ్రాహం?"

"ఎవరూ లేరు. కానీ ఎదుటి జట్టుకి ఆ సంగతి తెలీదుగా, మ్యాన్."

నవ్వుకున్నాను గాని, నేర్చుకోవలసింది నేర్చుకున్నాను. ఈ వృత్తిలో సగం, తెలిసినవాడిలా నిలబడటం. చెడ్డ సంగతేమిటంటే, అలా నిలబడటం అలవాటయ్యాక దిగడం రాదు.

ఆలివర్ అని ఫిలాసఫీ చదివే కుర్రాడొకడు ఉండేవాడు. తలుపంత మనిషి. ఎదుటివాణ్ణి ఢీకొట్టే ముందు "సారీ" అనేవాడు. తర్వాత కాదు, ముందు. ఆ సారీ మాన్పించడానికి నేను రెండు నెలలు కష్టపడ్డాను. మానేశాడు. మానేశాక ఒక్కణ్ణీ దాటలేకపోయాడు. అప్పుడు తెలిసింది, ఆ సారీ విని ఎదుటివాడు "పర్వాలేదు" అనబోయే లోపలే ఇతను దాటిపోయేవాడని. మళ్ళీ అనమన్నాను. కొత్తగా వచ్చే కోచ్‌లకి చెబుతున్నాను: పనిచేస్తున్నదాన్ని బాగుచెయ్యకండి.

జోయెల్

ఇక అసలు మనిషి. మా తెలుగు ప్రార్థన సహవాసంలో మెర్సీ అక్క అని ఉండేది. ఒంగోలువాళ్ళు. కేర్ హోమ్‌లో పని. వాళ్ళాయన లారీ మీద వారానికి సగం ఊళ్ళోనే ఉండడు. కొడుకు జోయెల్ ఇక్కడే పుట్టాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది, అదీ అచ్చమైన న్యూకాసిల్ యాసలో. ఇక్కడ వాడి మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. వాడు మా యూనివర్సిటీలో చేరాడని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను.

"తమ్ముడూ, వీడి మెడ విరిగితే నేనేం చేసుకోను?" అంది మెర్సీ అక్క.

"నేనున్నాగా అక్కా. నా పక్కనే ఉంటాడు."

"నీ పక్కనున్నోళ్ళకే అంట దెబ్బలు తగిలేది. సునీత చెప్పింది."

అయినా ఒప్పుకుంది. జోయెల్ లాంటి ఆటగాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. బంతి కదలకముందే ఎదుటివాడి భుజం చూసి ఎటు వెళతాడో చెప్పగలడు. రెండో ఏడాదికల్లా మిగతా ముగ్గురూ నన్ను కాక వాణ్ణి అడిగేవాళ్ళు. వచ్చే సీజనుకి కెప్టెన్ వాడేనని గ్రాహం చూచాయగా చెప్పాడు. మెర్సీ అక్క ఆ మాట కేర్ హోమ్‌లో ముసలాళ్ళందరికీ చెప్పిందని విన్నాను.

వాడితో నాకు ఒకటే పేచీ. మైదానంలో కూడా అంకుల్ అనేవాడు. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు, కొందరు వాళ్ళూ "అంకుల్ రాజ్" అనడం మొదలుపెట్టారు. నాకు అది నచ్చలేదు. ఈల మెడలో వేసుకున్నాక మనిషికి కొంత గీర వస్తుంది. ఒకరోజు పక్కకి పిలిచి చెప్పాను.

"ఇంట్లో అంకుల్. చర్చిలో అంకుల్. మైదానంలో అంకుల్ అనొద్దు. కోచ్."

"ఓకే అంకుల్," అన్నాడు.

సాక్ష్యం

నలుగురూ ఎటు కదలాలో నేను మైదానం గీత పక్కనుంచి అరిచి చెప్పాలి. లెఫ్ట్, రైట్ అని అరిస్తే ఎదుటివాళ్ళకీ వినిపిస్తుంది. నాకు ఒక ఆలోచన వచ్చింది. మన తిండి పేర్లు పెట్టాను. ఇడ్లీ అంటే అందరూ ఎడమకు. వడ అంటే కుడికి. పచ్చడి అంటే దిక్కూ దిశా లేకుండా అందరూ మీద పడటం. ఇంగ్లీషు కుర్రాళ్ళు వారంలో నేర్చుకున్నారు. ఆ సీజన్‌లో మా జోలికి రావడానికి జట్లు భయపడ్డాయి. జట్టు మొదటిసారి సెమీఫైనల్‌కి వెళ్ళింది. సెమీఫైనల్ చలికాలం చివర్లో, మా గ్రౌండులోనే, కార్డిఫ్ నుంచి వచ్చే ఒక జట్టుతో.

దానికి ముందు క్రిస్మస్ కూడిక జరిగింది. మా సహవాసానికి సొంత చర్చి లేదు, తెల్లవాళ్ళ చర్చి హాలు అద్దెకి తీసుకునేవాళ్ళం. ఆ రోజు బయట ఊళ్ళనుంచి కూడా తెలుగువాళ్ళు వచ్చారు. విశ్వాసం కోసం వచ్చినవాళ్ళున్నారు, బిర్యానీ కోసం వచ్చిన విద్యార్థులూ ఉన్నారు. అలాంటి విద్యార్థుల్లో వంశీ ఒకడు, కరీంనగర్ కుర్రాడు. దారి తెలియదంటే జోయెల్ కారేసుకుని వెళ్ళి స్టేషన్ నుంచి తీసుకొచ్చాడు.

పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తన జీవితంలో ఏం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఒకరు వీసా వచ్చిందని చెప్పారు. ఒకరు డ్రైవింగ్ టెస్టు ఐదోసారికి పాసయ్యామన్నారు. నేను లేచాను. సాక్ష్యంలో గొప్ప సౌకర్యం ఉంది. ఎంత గొప్పలైనా చెప్పుకోవచ్చు, మొదట్లోనూ చివర్లోనూ దేవుడి పేరు పెడితే చాలు. దేవుడు నాకిచ్చిన జ్ఞానం గురించి చెప్పాను. ఇడ్లీ అంటే ఎటో చెప్పాను. వడ అంటే ఎటో చేతులూపి చూపించాను. హాలంతా నవ్వింది. ముందు వరసలోంచి వంశీ లేచి మరీ అడిగాడు.

"అన్నా, మరి పచ్చడంటే ఏందే?"

అది కూడా చెప్పాను. వంగి, చెయ్యి నేలకి ఆన్చి, చేసి చూపించాను. "స్తోత్రం" అన్నారు. మెర్సీ అక్క ఆ రోజు డ్యూటీలో ఉంది, రాలేదు. జోయెల్ వెనకాల గోడకి ఆనుకుని చూస్తున్నాడు. వాడు నవ్వలేదు. ఎందుకో నేను ఆలోచించలేదు.

ఆ మ్యాచ్

వాన. గ్రౌండు మీదుగా ఒక కుక్క పరిగెత్తింది, దాని వెనక దాని యజమానురాలు. ఇవన్నీ మామూలే. మామూలు కానిది ఏమిటంటే, నేను ఇడ్లీ అని అరిచిన ప్రతిసారీ కార్డిఫ్‌వాళ్ళు మేము వదిలేసిన వైపుకి బంతి తీసుకుని నడిచి వెళుతున్నట్టు వెళ్ళారు. వడ అంటే రెండో వైపుకి. పచ్చడి అంటే నావాళ్ళు నలుగురూ మీద పడేసరికి బంతి వాళ్ళ తలలమీదనుంచి అవతలికి వెళ్ళిపోయేది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఆ రోజు రెండేసార్లు కిందపడ్డాడు. రెండుసార్లూ పడేసింది జోయెల్. రెండుసార్లూ సిగ్నల్ తప్పాడు. నేను ఒక వైపు చెబితే ఇంకో వైపు వెళ్ళాడు. గీత పక్కనుంచి వాణ్ణి తిట్టాను.

సగం ఆట అయ్యాక వాడు నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. హెల్మెట్ తీసేశాడు.

"అంకుల్, ఒక్క మాట, వాళ్ళు..."

"ఏమన్నావ్?"

"అంకుల్, వినండి..."

"ఇక్కడ అంకుల్ ఎవరూ లేరు. మైదానంలో ఎలా పిలవాలో వచ్చాక రా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు నా వంక చూసి, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మేము ఘోరంగా ఓడిపోయాం.

ఆట అయ్యాక చేతులు కలుపుతుంటే అవతలి జట్టు వెనకనుంచి, నీళ్ళసీసాల బుట్ట పట్టుకుని, వంశీ వచ్చాడు. ముందు జోయెల్‌ని కావలించుకున్నాడు. అది అందరూ చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. పక్కన గ్రాహం ఉన్నాడు.

"అన్నా, గుర్తువట్టినవా? చర్చిల నీ సాక్ష్యం ఇన్న గదా. ఆళ్ళ కెప్టెన్ నా రూమ్మేట్ అన్నా. నవ్వుకుంట చెప్పిన, గాడు మొత్తం రాసుకున్నడు. నీ పచ్చడి మాకు మస్తు పనిజేసిందే! ఏమనుకోకు."

కుర్రాడి ముఖంలో ఏ కల్మషమూ లేదు. తమ్ముడు అన్నని ఆటపట్టించినట్టు చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు గ్రాహం.

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. వంశీ కాక, మా దగ్గర్లో తెలుగు తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.

"బాగా ఆడారంటున్నాడు," అన్నాను.

జాకెట్

డ్రెస్సింగ్ రూమ్‌లో గ్రాహం హెడ్‌సెట్ తీసి బెంచీమీద పెట్టాడు. టెక్సస్ పోయి న్యూకాసిల్ వచ్చింది. "ఎవరో చెప్పారు," అన్నాడు. కుర్రాళ్ళలో ఒకరు, జోయెల్ అవతలి జట్టు మనిషిని కావలించుకున్నాడన్నారు. ఇంకొకరు, వాడు సిగ్నల్ ప్రకారం వెళ్ళలేదన్నారు. జట్టులో నేను కాక ఆ మనిషి భాష తెలిసినవాడు వాడొక్కడేనని మూడోవాడన్నాడు.

జోయెల్ నా వంక చూశాడు. భయంగా కాదు. క్యూలో తన ముందున్న మనిషి కదలాల్సి ఉంది, కదులుతాడులే అన్నట్టు చూశాడు.

"నేను చూసుకుంటాను," అన్నాను.

కోచ్‌లు వాడే మాటల్లో ఇంత నీచమైనది లేదు. ఆ మాటతో తప్పు వాడిదని గదిలో ఉన్నవాళ్ళందరికీ నేనే చెప్పినట్టయింది. వారం తర్వాత, గొడవ చల్లారేదాకా కొన్నాళ్ళు రావద్దని వాడికి మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. వాడి హెల్మెట్, భుజాల కవచం క్లబ్బు గది ముందు సంచిలో కనిపించాయి. శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరబెట్టి ఉన్నాయి. ఆ క్లబ్బు చరిత్రలో కిట్ కడిగి ఇచ్చినవాడు ఇంకొకడు లేడు.

వాడు మళ్ళీ ఆడలేదు. మాకూ కాదు, ఎవరికీ కాదు. సంగతి సహవాసానికి పాకింది, జోయెల్ జట్టు గుట్టు అవతలివాళ్ళకి అందించాడంట అని. హాల్లో నా సాక్ష్యం విన్నవాళ్ళే చెప్పుకున్నారు. సాక్ష్యం వినేటప్పుడు మనవాళ్ళ ముక్కు బిర్యానీ మీద ఉంటుంది, చెవి ముక్కుతోపాటే వెళుతుంది. ఎవరికీ ఏదీ గుర్తులేదు. మెర్సీ అక్క వేరే సహవాసానికి మారిపోయింది.

నేను దేనికోసం నోరు మూసుకున్నానో చెబితే నవ్వుతారు. వచ్చే ఏడాదికి డిఫెన్స్ మొత్తానికి ఒక కోచ్‌ని పెడతామన్నారు. జీతం లేదు. జాకెట్ ఇస్తారు, ఛాతీమీద పేరు కుట్టి. దాన్ని వేసుకుని గీత పక్కన నిలబడాలని నాకు చాలా కోరికగా ఉండేది. ఇచ్చారు. బాగా బిగుతు. నా కొలతకి ఈ దేశంలో కూడా దొరకలేదు.

రెండుసార్లు చెప్పాను

ఏటా కొత్త కుర్రాళ్ళకిచ్చే విందులో గ్రాహం ఈ కథ చెప్పేవాడు. ఇడ్లీ, వడ, పచ్చడి, చివర్లో జట్టుని అమ్మేసిన కుర్రాడు. బాగా చెప్పేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. పచ్చడి దగ్గర నన్ను లేచి వంగి చూపించమనేవాడు, చూపించేవాణ్ణి.

మోకాలు రెండోది కూడా మొరాయించాక, 2019 వసంతంలో, ఒక పబ్బులో మధ్యాహ్నం విందు పెట్టి నన్ను సాగనంపారు. గ్రాహం కథ చెప్పాడు. జ్ఞాపిక చేతికిచ్చాడు. దానిమీది మాట చదివాను. లేచి చెప్పాను: ఆ కుర్రాడు కాదు, నేనే. చర్చిలో గొప్పలు చెప్పుకుంటూ నేనే బయటపెట్టాను.

పబ్బంతా ఘొల్లున నవ్వింది. "చూశారా, ఈ మనిషి! చివరికి ఆ వెధవని కూడా కాపాడుతున్నాడు!" అని గ్రాహం నా వీపు చరిచాడు. నా పేరుమీద గ్లాసులెత్తారు.

తర్వాతి ఆదివారం సహవాసంలో లేచి మళ్ళీ చెప్పాను, సాక్ష్యంగా. వాక్యానికొకసారి "స్తోత్రం" అన్నారు. పాస్టర్‌గారు మైకు అందుకుని, "ఇతరుల నింద తనమీద వేసుకునే తగ్గింపు మనసు చూశారా, బ్రదర్‌ని బట్టి దేవునికి వందనాలు" అన్నారు. సమోసాలు పంచారు.

ఇంటికి వస్తుంటే కారులో సునీత అంది. "రెండు చోట్ల చెప్పారు. రెండు చోట్లా చప్పట్లు. చెప్పాల్సిన చోటు ఏదో తెలియదా, తెలిసే వెళ్ళట్లేదా?"

టైన్ అవతల

మెర్సీ అక్క ఇల్లు టైన్ నది అవతల. తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి జరిగింది. లోపల సోఫాలో జోయెల్ ఉన్నాడు. బెల్‌ఫాస్ట్‌లో ఐటీ ఉద్యోగం, సెలవుకి వచ్చాడట. గడ్డం పెంచాడు. "హలో, కోచ్," అన్నాడు. ఇంట్లో కోచ్ అన్నాడు.

నిలబడే చెప్పాను. ఇక్కడ ఎవరూ నవ్వలేదు, ఎవరూ స్తోత్రం అనలేదు. మెర్సీ అక్క నెమ్మదిగా కూచుంది.

"వీణ్ణి అడిగాను తమ్ముడూ, నువ్వేనా చెప్పింది అని. కాదన్నాడు. మళ్ళీ అడిగా. తల్లినై ఉండి రెండోసారి అడిగా. ఆ రెండోసారి అడగడం ఉంది చూడు, అది నీ వల్ల."

నేను జోయెల్ వైపు తిరిగాను.

"నీకు తెలుసా జోయెల్, నేనేనని?" అన్నాను.

"తెలుసు. వంశీని స్టేషన్ నుంచి తెచ్చింది నేనే కదా. మీరు చేతులూపుతుంటే వెనక నిలబడి చూశాను."

"మరి ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారనుకున్నా."

"మమ్మీకైనా చెప్పొచ్చుగా."

"మీరు చెప్తారనుకున్నా," అన్నాడు మళ్ళీ. "మొదట్లో ఒక నెల. తర్వాత అలవాటైపోయింది."

గ్రాహానికి చెప్పానని, నవ్వాడని చెప్పాను. జోయెల్ నా ఫోన్ వైపు చూశాడు. "ఇప్పుడు చేయండి. స్పీకర్‌లో."

గ్రాహం ఎవరింట్లోనో బాయిలర్ పనిలో ఉన్నాడు. వెనక సుత్తి చప్పుడు. నేను మళ్ళీ మొదలుపెట్టగానే నవ్వబోయాడు. "నవ్వకు గ్రాహం. జోయెల్ ఇక్కడే ఉన్నాడు, వాళ్ళమ్మ ఉంది," అన్నాను. సుత్తి ఆగిపోయింది.

"కొడుకా," అన్నాడు చివరికి, యాస ఏదీ పెట్టుకోకుండా. "ఆ కథ నేను ప్రతి ఏడూ చెప్పాను."

"తెలుసు. ఎవడో ఒకడు వీడియో పంపిస్తాడు."

"ఇంక చెప్పను. చచ్చినా చెప్పను."

"లేదు, చెప్పండి," అన్నాడు జోయెల్. "బాగా చెప్తారు. కాకపోతే సరిగ్గా చెప్పండి. కోచ్ గారు కూడా ఉండాలి, వంగి చూపించాలి."

మెర్సీ అక్క లేచి టీ పెట్టింది. నా కప్పు నా ముందు పెట్టింది గాని, తాగమనలేదు. తాగాను.

కథ సరిగ్గా

ఆ శరదృతువులో కొత్త కుర్రాళ్ళ విందుకి వెళ్ళాను, విరమించినవాణ్ణయినా. గ్రాహం కథ చెప్పాడు. పచ్చడి దగ్గర నేను వంగి చూపించాను, మోకాళ్ళు రెండూ ఏడ్చాయి. సాక్ష్యం దగ్గర విపరీతంగా నవ్వారు, నన్ను చూసి నవ్వారు, నవ్వవలసిందే. "బాగా ఆడారంటున్నాడు" అన్న చోట నవ్వు పలచబడింది. కడిగిన కిట్ దగ్గర ఎవరూ నవ్వలేదు. గ్రాహం అక్కడే ఆపి కూచున్నాడు. చప్పట్లు రాలేదు. ఈ వృత్తిలో నేను చూసిన మంచి ప్రసంగం అదొక్కటే.

వీడియో ఎవరో పంపే ఉంటారు. మర్నాడు బెల్‌ఫాస్ట్ నుంచి ఫోన్ వచ్చింది.

"అంకుల్," అన్నాడు.

"చెప్పు నాన్నా."

"అసలు ముక్క వదిలేశారు. ఇద్దరూ."

"ఏది?"

"వాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌ని రెండుసార్లు పడగొట్టానుగా. మీరు ఇడ్లీ అన్నారు. అది వాళ్ళూ విన్నారు. అందుకని వడ వైపు వెళ్ళా. రెండుసార్లూ పనిచేసింది."

పైన ఆ మ్యాచ్ గురించి రాసినచోట, సిగ్నల్ తప్పాడని రాశాను. ఈ ఫోన్ రాకముందు రాసింది. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. తప్పు ఒప్పుకుంటూ ఊరంతా తిరిగినప్పుడు కూడా అలాగే అనుకున్నాను. దాన్ని కొట్టెయ్యలేదు, ఉంచాను. గీత పక్కన నిలబడినవాడికి ఎలా కనిపిస్తుందో కొత్త కోచ్‌లు చూడాలి.

"సగం ఆట అయ్యాక వచ్చావే, అప్పుడు చెప్పబోయింది ఇదేనా?" అని అడిగాను.

"ఆ. సిగ్నల్స్ తిప్పేద్దాం, ఇడ్లీ అంటే కుడి, వడ అంటే ఎడమ అనుకుందాం అని. అంతే."

"చెప్పడానికి ఎంతసేపు పట్టేది?"

జోయెల్ కాస్త ఆలోచించాడు.

"ఇప్పుడు పట్టినంతే, అంకుల్."